నూట పద్నాలుగోవాడు

ఐదింటికి దుయితామాలో వీధి దీపాలింకా ఆరవు.
నేను తాళాలు బాగుచేసేవాణ్ణి, నలభై ఏడేళ్ళు.
మోకాలికి కర్పూరం నూనె రాసుకుని
సైకిల్ని భుజాన వేసుకుని మెట్లు దిగుతాను,
పిల్లలు లేవకుండా, ముఖ్యంగా వాళ్ళమ్మ లేవకుండా.
ఆ సైకిల్ ఖరీదు ఆమెకి సగమే చెప్పాను.

మలుపులో అబ్దోన్ ఉంటాడు, పళ్ళ డాక్టరు,
ఉన్ని శాలువా కింద రేసు చొక్కా.
పక్కన నూబియా. విత్తనపు బంగాళాదుంపల కొట్టు ఆమెది.
మాట్లాడదు. గొలుసుకి చుక్క నూనె వేసి
వేలు పిక్కకి తుడుచుకుని బయల్దేరుతుంది.
ఆమె వెనక చక్రాన్ని పట్టుకుని
ఊరు దాటేదాకా మేమూ వీరులమే.

ఆ తర్వాత కొండ.

పదకొండు కిలోమీటర్లు. మ్యాపుల్లో దానికి పేరు లేదు.
వంపులకి మాత్రం మేం పెట్టుకున్నాం:
కుక్కల వంపు, నోటరీ వంపు,
అబ్దోన్ వాంతి చేసుకున్న వంపు.
మూడు వేల మీటర్ల ఎత్తున గాలిని
బియ్యంలో రాళ్ళేరినట్టు ఏరుకుని పీల్చాలి.
నూబియా పొగమంచులో ఒక ఎర్ర దీపమై పోతుంది,
కాసేపటికి దీపం కూడా ఉండదు.

ఆ నోటరీ వంపులోనే, తొమ్మిదేళ్ళ కిందట,
ఒక కుర్రాడు నన్ను దాటాడు.
ఇనప సైకిల్. గేర్లు లేవు. రబ్బరు బూట్లు.
హ్యాండిల్‌కి అటొకటి ఇటొకటి పాల క్యాన్లు.
నా నోటినిండా ఇత్తడి రుచి.
వాడు పక్కకొచ్చి, “నమస్కారం పెద్దాయనా” అన్నాడు.
గొంతులో ఆయాసం లేదు.
ఒక్క చుక్క పాలు ఒలకలేదు.
ఇంటికెళ్ళి సైకిల్ అమ్మేద్దామనుకున్నాను.
అమ్మలేదు. మళ్ళీ ఆదివారం
వాడు కనిపిస్తాడేమోనని అరగంట ముందే వెళ్ళాను.

వాడి పేరు ఎల్వర్ తిబదూయిసా.
మొన్న ఆదివారం వాడు ఆల్ప్స్‌లో ఉన్నాడు.

కొండ మీద ఎర్సీలియా కొట్టు. వేడి బెల్లం నీళ్ళు,
అందులో జున్ను ముక్క, గూట్లో రేడియో.
మాకు పొద్దున ఎనిమిదిన్నర, అక్కడ మిట్ట మధ్యాహ్నం దాటింది.
వ్యాఖ్యాత వేరేవాళ్ళ పేర్లు అరుస్తున్నాడు,
తప్పించుకుపోయినవాళ్ళవి, పసుపు చొక్కావాడిది.
మావాడి పేరు అరగంటకోసారి, అదీ ఇలా:
“తిబదూయిసా కారు దగ్గరికి వెనక్కి వెళ్ళాడు.”
మేం గ్లాసులు దించాం. మాకు తెలుసు:
ఏడు సీసాలు, వీపు జేబుల్లో, మెడ వెనక, చొక్కా లోపల,
నాయకుడి దాహాన్ని మోసుకుంటూ
నూట యాభై మందిని ఒరుసుకుని ముందుకెళ్ళాలి.
ఇచ్చేసి, మళ్ళీ వెనక్కి.
“పాలు మోసిన వీపు,” అంది నూబియా.
పొద్దున్నించీ ఆమె అన్న మొదటి మాట.

ఆఖరి కొండ. వాడు ముందుకొచ్చాడు.
నాయకుణ్ణి తన వెనక దాచుకుని
నాలుగు కిలోమీటర్లు గాలిని ఛాతీతో దున్నాడు.
రేడియో వాడి పేరు మూడుసార్లు పలికింది,
మూడు రకాలుగా, మూడూ తప్పే.
ఎర్సీలియా గరిట గాల్లో ఆగింది.
అబ్దోన్ నా మోచెయ్యిని
కదిలే పన్నుని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.
అప్పుడు: “తిబదూయిసా పని అయిపోయింది.
పక్కకి తప్పుకున్నాడు.”

అంతే. రేడియో వాణ్ణొదిలి పైకెళ్ళిపోయింది.
మేం వెళ్ళలేదు.
ఆ రోడ్డు వారనే ఉండిపోయాం,
చొక్కా జిప్పు కిందికి లాగి, గేరు తగ్గించి,
ఎవరూ చెప్పని ఆ మిగతా ఆరు కిలోమీటర్లు
వాడు ఒక్కడూ ఎక్కుతుంటే.
బెల్లం నీళ్ళ మీద మీగడ కట్టింది.

గెలిచిందెవరో అబ్దోన్‌కి గుర్తుంటుంది, నాకుండదు.
సోమవారం పేపర్లో చీమలంత అక్షరాల్లో దొరికాడు:
నూట పద్నాలుగు, ముప్పై ఒక్క నిమిషాలు వెనక.
కత్తిరించి కొట్లో తాళంచెవుల మధ్య మేకుకి గుచ్చాను.
“ఓడినవాడి కాగితం ఎందుకయ్యా?” అంటారు వచ్చినవాళ్ళు.
నేను మిషన్ ఆన్ చేస్తాను.
ఆ చప్పుడులో ఏమీ వినపడదు.

అన్నట్టు, ఆ పొద్దున నా టైము
యాభై ఏడు నిమిషాల నలభై సెకన్లు.
పోయినేటికంటే పన్నెండు సెకన్లు తక్కువ.
ఆగలేక ఎర్సీలియాకి చెప్పాను.
గ్లాసు తుడుస్తూ నా మొహం చూసి అడిగింది,
“ఏం, బస్సు దొరకలేదా?”