సగం సంతకం

డులూత్‌లో మంచు పడుతోంది.
ఎల్మర్ మంగలి షాపులో కుర్చీలు రెండు,
కబురొక్కటే: ఆర్వో నీమెలా.

"ఎడమ కాలు ఈడ్చేవాడు" అంటాడు, బస్సు నడిపి రిటైరైన క్లైడ్.
"కుడి" అంటాడు ఎల్మర్, కత్తెర గాల్లో ఆపి.
ఆ ఏడు మా జట్టుది ఆఖరి స్థానం.
దాని మీద మాత్రం తగువు లేదు.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. చేతికి పిండికట్టు.
కంచె పట్టుకుని నిలబడితే
తనే వచ్చాడు,
పొద్దుతిరుగుడు గింజల పొట్టు పక్కకి ఉమ్మి.
నొప్పిగా ఉందా అనలేదు.
"ఏ చేత్తో విసురుతావ్?"
ఇదే, అన్నాను.
"అయితే తొందరపెట్టకు దాన్ని" అని
కట్టు మీద పొడుగ్గా పేరు రాశాడు.

ఆ మధ్యాహ్నం మూడుసార్లు బ్యాటు పట్టి
మూడుసార్లూ ఔటయ్యాడు.
నాన్నకి హోమ్ రన్ కొట్టాడని చెప్పాను.
ఇవాళ ఈ షాపులోనూ అదే చెప్పాను.
క్లైడ్ తలూపాడు, తనూ చూశానని.

ఆరు వారాలకి డాక్టరు రంపం
సంతకాన్ని సరిగ్గా నడిమికి కోసింది.
"ఆర్వో" నా బిస్కెట్ల డబ్బాలో ఉంది.
"నీమెలా" కోసం అక్క జుట్టు పట్టుకుంది, గెలిచింది.

ఫార్గో నించి ఫోన్ చేస్తే
ఇప్పటికీ మొదటి మాట,
నా బీపీ గురించి కాదు:
"నీ సగం జాగ్రత్తగా ఉందా?"