ఆధారాలు అనే కాలమ్

లింగిచెట్టి వీధిలో మూడంతస్తుల క్లియరింగ్ ఆఫీసు.
నలభై ఒక్క కంప్యూటర్లు, ఒకే లిఫ్టు,
అదీ సోమవారాలు పనిచెయ్యదు.
నా పని లెక్క రాయడం:
ఎవరి మెషీన్‌లో ఏముంది,
దేనికి దేనితో పడదు,
ఏది ఎవరూ తెరవక
అటక మీది ట్రంకుపెట్టెలా పడుంది.

ఇకమీదట ఏ ప్రోగ్రామూ
ఎవరి డబ్బాలోనూ కాపురం పెట్టదు,
సర్వర్‌లో ఉంటుంది, పిలిస్తే వస్తుంది,
పని కాగానే కాలిముద్ర కూడా మిగల్చదు అంటే
మేనేజరు సంబంధం గారు తలూపారు.
రెండో అంతస్తు సెల్వి మాత్రం అడిగింది,
"మరి నేను పెట్టుకున్న షార్ట్‌కట్లు?"

మొదటి విడత సెల్వితోనే అని రాసుకున్నాను.
సణగడం వచ్చినవాళ్లే ముందు కావాలి.

డ్యూటీ లెక్కకి పాత జావా, బ్యాంకు పనికి కొత్తది.
ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని
సైదాపేటలో మా తాత అనేవాడు, తన తమ్ముణ్ణి తలుచుకుని.
నేను కత్తికో ఒర కుట్టి
రెండూ ఒకే నడుముకి కడుతున్నాను,
నెల జీతానికి.

మూడో అంతస్తులో మునిరత్నం నాయుడు గారు.
నల్లటి తెర, పచ్చటి అక్షరాలు.
రాసిన కుర్రాడు ఎక్కడున్నాడో తెలియదు,
డిస్కు లేదు, కాగితం లేదు.
ప్యాకేజీ కట్టాలంటే అది దిగేటప్పుడు
ఎక్కడెక్కడ చెయ్యి పెట్టిందో మొదటినుంచీ చూడాలి.
పురుడు చూడని బిడ్డకి
జాతకం రాయమన్నట్టుంది.

"ఎఫ్ సెవెన్ రెండుసార్లు కొట్టాలమ్మా,
ఒకసారే కొడితే టన్నులు తప్పొస్తాయి."
ఎందుకండీ?
"అదంతే. ఆ తర్వాత కాస్త ఆగాలి."
ఎంతసేపు?
కిటికీ అవతల వాన. హార్బరు వైపు ఏదో ఓడ కూసింది.
ఆయన ఊపిరి పీల్చి, వదిలి, ఎంటర్ కొట్టారు.
"ఇంతసేపు."

నా పట్టికలో ఆధారాలు అని ఒక కాలమ్ ఉంది.
ఏ ప్రోగ్రాము దేనిమీద నిలబడుతుందో అందులో రాయాలి:
జావా, ప్రింటర్ డ్రైవరు, ఫాంటు.
ఈ వరసలో మునిరత్నం అని కొట్టాను.
చెరిపాను.
మార్చి ముప్పై ఒకటిన ఆయన రిటైర్మెంటు.
మళ్లీ కొట్టాను, ఇంటిపేరుతో సహా.

"మన తెలుగువాళ్లేనా?" అన్నారు
నేను ల్యాప్‌టాప్ మూస్తుంటే.
అవునండీ అని, లిఫ్టు వైపు నడిచి
మెట్లు దిగాను.
సోమవారం.