అచ్చు

ముప్పయ్యేళ్ళు నెల్లిమర్ల జూట్ మిల్లులో
గోనెసంచుల మీద అచ్చు కొట్టిన చెయ్యి నాది.
రేకు ఆనించి, కుంచె ముంచి, ఒక్క తుడుపు.
సిమెంటువాడి పేరు, పంచదారవాడి పేరు,
ఎక్కడో సముద్రానికవతల కాఫీగింజలవాడి పేరు.
ఇదెవరి పేరని ఏ సంచీ నన్నడగలేదు.

లెంకవారి నీలవేణి నడుంపట్టీ మీద మాత్రం
ఎవరూ చెప్పకుండా కొట్టాను,
మిల్లు మూసిన నెలలో, అరువు తెచ్చిన రంగుతో.
నెల్లిమర్ల. నాలుగే అక్షరాలు.
లారీ ఇరుసుకి సిమెంటు దిమ్మలు బిగించి
చంపావతి ఇసకలో ఎత్తడం నేర్చిన గుంట.
బూట్లకి రాత్రి షిఫ్టు వాళ్ళు తలో యాభై వేశారు.
మా పేర్లెందుకులే అన్నారు. నేనే ఆగలేకపోయాను.

పోటీ పొద్దున్నే అన్నారు మొదట.
అది జరిగే దేశమూ కాదు, మనదీ కాదు,
మూడో దేశంలో అన్నాలు తినే వేళకి టీవీలు నిండాలని
మనకి అర్ధరాత్రి దాటాక రెండున్నరకి జరిపారు.
"ఆ ఏలకి మా గుంట తొంగుంటాది కదేటి" అంది
వాళ్ళమ్మ సింహాచలం.

గౌరునాయుడి కిళ్ళీకొట్టు ముందు బల్లలేసుకున్నాం.
బోర్డు మీద కూల్‌డ్రింకు పేరు ఏనుగంత,
గౌరునాయుడు చీమంత.

వచ్చింది. చేతులకి సుద్ద రాసుకుంది.
నేను నడుం కేసి చూశాను.
నా నాలుగక్షరాల మీద నల్లటేపు.
డబ్బు కట్టని పేరు కనబడకూడదట.
వెనక గోడ నిండా, కాళ్ళకింద బల్ల నిండా,
ఆఖరికి సుద్దగిన్నె మీద కూడా
కట్టినవాళ్ళ పేర్లే.

మూడో ఎత్తు. నూటపదిహేడు కిలోలు.
వంగింది. పట్టింది. గుండెల మీదకి లాగింది.
సింహాచలం కొంగు నోట్లో కుక్కుకుంది.
సరిగ్గా అప్పుడు
మంచుముక్కల మీద నురగ.
ఎవడో కుర్రాడు సీసా ఎత్తి
గటగటా తాగుతున్నాడు,
ప్రపంచాన్ని ఎత్తినట్టు మొహం పెట్టి.

తిరిగొచ్చేసరికి బారు కిందుంది.
మా గుంట వీపు కనిపించింది, అంతే.
ఎత్తిందట. నాలుగో స్థానమట.
తెల్లారి కోచ్ ఫోను చేస్తే తెలిసింది.
ఆ ఎత్తు మా ఊరు చూళ్ళేదు.

విశాఖ పాసింజరు దిగి మా ఇంటికే వచ్చింది.
పట్టీ మీది టేపు నేనే ఊడబెరికాను.
రంగంతా దాంతోనే వచ్చేసింది,
జిగట వైపు నా అక్షరాలు తిరగబడి ఉన్నాయి.
"పెదనానా, ఆ సీసా కంపెనీవోలు
మా పేరెట్టుకుంటే గుడ్లకీ పాలకీ నెలనెలా ఇస్తామన్నారు.
ఏటి సెయ్యమంటావు?"

కూలికి అచ్చు కొట్టిన చెయ్యి నాది.
ఏమని చెప్పను?
వేలికంటుకున్న టేపు
విదిలిస్తున్నాను, రాదు.