పోదుం

తుపాను పోయిన మూడో రోజు
పెరంబూరు బారక్స్ రోడ్డులో కూలిన గంగరావిని
కార్పొరేషను వాళ్ళు ముక్కలు చేస్తుంటే
మోచేతంత కొమ్మ ఒకటి అడిగి తెచ్చుకున్నాను.
బెరడు తీస్తే పైన పాలమీగడ,
లోపల బెల్లంపాకం.

పక్క పోర్షన్ దేవసహాయం
రైలుపెట్టెల ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్ళు
బల్లలు బిగించిన మనిషి.
గరిటెకి కాడ ఎవరైనా చెక్కుతారు, అన్నాడు.
గుంట తవ్వడమే పని.

గోరులా వంగిన కత్తి చేతికిచ్చాడు.
నార వెంట పోకు, నారకి అడ్డంగా పో.
ఈ అంచు నుంచి నడుముకి,
ఆ అంచు నుంచి నడుముకి,
రెండు దారులూ దిగి కిందే కలవాలి.
దాటి అవతలి గట్టు ఎక్కావో, పొర లేస్తుంది.

పచ్చి కొయ్య పెద్దగా చప్పుడు చెయ్యదు.
లేత ముంజె తోలు గోటితో ఒలిచినట్టు
చుట్టలు చుట్టలుగా ఒళ్ళోకి రాలుతుంది.
కింద టీకొట్టు రేడియో,
బేసిన్‌బ్రిడ్జి వైపు పోయే బండి కూత,
ఏవీ చెవికి ఆనలేదు.
బొటనవేలు లోపల, చూపుడువేలు వెలుపల.
మందం కళ్ళతో కాదు, ఆ రెంటితో చూడాలట.

"పోదుం," అన్నాడాయన.

పుట్టింది ఈ ఊళ్ళోనే.
అరవంలో పోదుం అంటే చాలని
పాలు తాగే వయసు నుంచీ తెలుసు.
అయినా ఎందుకో నా చేతులు
మా అవ్వ మాటే విన్నాయి.
మార్కెట్టు సంచీ భుజానేసుకుని
పోదుం పదవే, అనేది,
పోదుం, ఇంకాస్త దూరమే.

ఇంకాస్త దూరం పోయాను.
ఇంకొక్క పొర.
ఉల్లిపొరంత ఇంకొక్కటి.

గుంట అడుగున
ఆవగింజంత వెలుతురు పుట్టింది.

ఆయన తిట్టలేదు.
గరిటె ఎండకెత్తి, ఒక కన్ను మూసి,
ఆ బెజ్జంలోంచి నన్నే చూశాడు.
"దీంతో గంజి తాగలేవు," అన్నాడు.

వారం నీడన ఆరబెట్టి నువ్వులనూనె పట్టించాను.
ఇప్పుడది
ఉప్పునీళ్ళలో ఊరే ఉసిరికాయల జాడీ పక్కన ఉంటుంది.
ఒక్కో కాయనీ పైకి తీసి
జాడీ మూతి మీద కాసేపు ఆపుతాను.
బొట్టు.
బొట్టు.
తర్వాత చాలాసేపటికి ఇంకో బొట్టు.

పోదుం, అంటాను కాయతో,
కంచంలోకి వంచుతూ.