పగుళ్ళ పటం

ఏప్రిల్ రెండోవారం. మంచు కరిగి
వీధి తన ఒళ్ళు చూపించింది.
సుద్దముక్క, పాత చెక్కుపుస్తకం అట్ట,
ఒక డాలర్ నాణెం జేబులో వేసుకుని బయల్దేరాను.

నలభై ఒక్క ఇళ్ళకి ఒకటే తారుదారి.
నగరం లెక్కలో లేదు, మాదే.
థండర్ బే శివారులో, స్ప్రూస్ చెట్ల వెనక
గుర్రపునాడాలా వంగి
బయల్దేరిన పెద్దరోడ్డునే మళ్ళీ కలుసుకుంటుంది.
పదకొండేళ్ళుగా దానికి కోశాధికారిని.
జీతం లేదు, తిట్లున్నాయి.

నాణెం అంచు దూరితే ఒక గీత:
కాచిన తారు పోస్తే మూసుకుంటుంది.
నాణెం వెల్లకిలా పడుకుంటే రెండు గీతలు.
మొసలి వీపులా పెచ్చులు లేచినచోట
గీతలు చాలవు. చుట్టూ గడి గీసి
లోపల ఒక అంకె రాస్తాను, డాలర్లలో,
కాసేపు నిలబడి, కొట్టేసి, ఇంకా పెద్దది రాస్తాను.

పదిహేడో నంబరు ముందు
ఐలా కోస్కెలా చేతికర్ర ఆనించి చూసింది.
"హిల్కా, ఈ గుంత పోయినేడూ ఇక్కడే ఉందిగా?"
"అది కాదు, దాని కూతురు" అన్నాను.

మీటింగు చర్చి నేలమాళిగలో. కాఫీ పలచన.
అతుకులు మాని మొత్తం పరిపిస్తే
పదిహేనేళ్ళు చూడక్కర్లేదన్నాను.
"అప్పటికి నాకు తొంభైతొమ్మిది" అంది ఐలా,
"నాకు రెండేళ్ళ రోడ్డు చాలు."
ముందు ఎవరూ నవ్వలేదు, తర్వాత అందరూ నవ్వారు.
నెలలు నిండిన కొత్త కోడలొకతె
"నేను బండి తోసుకోవాలి కదా" అని చెయ్యెత్తింది.
ఇరవైరెండు, పంతొమ్మిది.
ఆ మూడు ఓట్ల సందులోంచి వచ్చింది మా రోడ్డు.

జూన్‌లో లారీ వెనకతలుపు తెరిచారు.
పొగ, సెగ, గొంతులో అంటుకునే వాసన.
పిల్లలు సైకిళ్ళ మీద ఒంటికాలి మీద నిలబడ్డారు.
మేస్త్రీ వెండెల్ మమక్వా మాత్రం
పని మొదలుపెట్టలేదు.
పదిహేడో నంబరు గుంతలో మోకాలేసి
పెకలించిన కంకర పిడికిట నొక్కాడు.
వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు.

"వానపడి ఎన్నాళ్ళయింది?"
"తొమ్మిది రోజులు."
"అయితే పైన ఎంత పోసినా దండగేనమ్మా.
కింద తడి దాక్కుంది. చలికాలం గడ్డకట్టి
భుజమిచ్చి లేపుతుంది రోడ్డుని.
ఎండ రాగానే భుజం తీసేస్తుంది."

లేచి, కుందేలు అడుగులు వెతికినట్టు
ఆ చెమ్మ వెంట ఎగువకి నడిచాడు.
రోడ్డు అంచు, నాచు, గడ్డి మరీ పచ్చగా ఉన్న చార,
లైలాక్ పొద,
పొద వెనక తగరపు గొట్టం.
మా కప్పు మీది నీళ్ళు దింపే గొట్టం.
ఇంట్లోకి చెమ్మ వస్తోందని
మా రైమో బతికున్నప్పుడు రోడ్డువైపు వంచిన గొట్టం.

గుమ్మడికాయల దొంగ అని ఎవరూ అనలేదు.
నేనే భుజాలు తడుముకున్నాను.

ఇంట్లో ఫైలు తీశాను. ఆరు ఉత్తరాలు.
'పదిహేడో నంబరు వారి బరువైన ట్రక్కు కారణంగా'
అని మొదలవుతాయి అన్నీ.
కింద నా సంతకం, గుండ్రంగా, ఒద్దికగా.

వాళ్ళు మోకాలి లోతు తవ్వి
చిల్లుల గొట్టం పడుకోబెట్టి, పొడికంకర కప్పి,
తారు పరిచి, రోలర్ తిప్పారు.
తవ్వకం ఖర్చు నా ఖాతాలో రాసుకున్నాను.
ఆ అంకె కొట్టేయలేదు.

సాయంత్రం లియోన్ బెర్టిన్ తలుపు తట్టాను.
చెప్పాల్సింది చెప్పాను, నిలబడే.
ఆయన వాకిట్లోకి చూశాడు.
అక్కడ చిన్న ఎర్రకారు ఉంది.
"ట్రక్కు అమ్మేసి మూడేళ్ళయింది" అన్నాడు.
ఇంకేమీ అనలేదు. కుర్చీ మాత్రం జరిపాడు.

తిరిగొస్తుంటే, ఇంకా వెచ్చగా ఉన్న తారు మీద
ఎవరి సైకిలుదో సన్నని చక్రపు గీత.
సుద్ద జేబులోనే ఉంది.
తియ్యలేదు. వచ్చే ఏప్రిల్‌కి చూద్దాం.