పదకొండో డబ్బా

రసూల్‌పురా మలుపు కాడ, పికెట్ నాలా మీద
పద్నాలుగు డబ్బాలు బిగించిన నేనే.
అరచెయ్యంత డబ్బా. కింద నీళ్లు ఎంత పైకొచ్చినయో
అరనిమిషానికోసారి తొంగి చూసి చెప్తది.

మొదటి వానాకాలం అన్నీ ఒక్క సర్వర్‌కే చెప్పుకునేవి.
తాళం పేరు అడ్మిన్, తాళంచెవి పేరు కూడ అడ్మిన్.
మార్చాలని కాగితం పెట్టిన.
అది ఏ ఫైలు కింద పండిందో దానికే తెల్వాలె.

ఒక రాత్రి ఎవడో, ఎక్కడ కూసోనో,
పదకొండో డబ్బా నోట్లె అబద్ధం పెట్టిండు.
నీళ్లు నడుము దాటినా తెర మీద పచ్చరంగే.
సైరన్ నోరు మెదపలే.
బిల్కీస్ ఆపా కుట్టుమిషన్ కొట్టుకపోయింది,
దాని కింద సూది దిగి ఉన్న పెండ్లి షేర్వాణీతో సహా.
తెల్లారి లాగ్ తెరిస్తే
ఏమీ జరగలేదని రాసుంది.
వచ్చినోడు పోతూ పోతూ
కాలిముద్రలు కూడ కడుక్కపోయిండు.

తర్వాత ఇంజనీరు హిమబిందు మేడం
తెల్లబోర్డు మీద గొలుసు గీసింది.
బ్లాక్‌చైన్ అన్నది, హ్యాష్ అన్నది, ఇంకేందో అన్నది.
నాకు మా పాటిగడ్డ చిట్టీ యాదికొచ్చింది.
ఇరవైమంది ఆడోళ్లు, ఇరవై నోటుబుక్కులు.
ఈ నెల లచ్చవ్వ పాట ఎంతకు పాడిందో
ఇరవై బుక్కులల్ల ఒక్కతీరుగ ఉండాలె.
ఒకామె అంకె దిద్దితే
పందొమ్మిది గొంతులు లేస్తయి.
అండ్ల పెద్దమనిషి లేడు.
నమ్మకం ఏ ఒక్క కొంగుకూ ముడేసి లేదు.

"గంతేనా మేడం?"
"గంతే రాజలింగం. కాకపోతే ప్రతి పేజీ కింద
ముందటి పేజీ వేలిముద్ర ఉంటది.
ఒక్కటి చింపితే ఎనకనుంచి అన్నీ చింపాలె."

డబ్బాలకు అంత లెక్క మోసే సత్తువ లేదు,
పెన్సిల్ బ్యాటరీ మీద బతికే పాణాలు.
అందుకని స్తంభాల మీద ఆరు గేట్‌వేలు పెట్టినం.
ఆరింటికీ అదే పుస్తకం. ఒక్కో డబ్బాకు ఒక్కో సంతకం.
అడ్మిన్‌కు సెలవు.

మొన్న శ్రావణంల మళ్లొచ్చిండు ఎవడో.
పదకొండు నంబరు గొంతు పెట్టి మాట్లాడిండు.
సంతకం కలవలేదు.
నాలుగు గేట్‌వేలు ఔతలనే నిలబెట్టినయి, అయిదోది, ఆరోది కూడ.
ఆఫీసుల చప్పట్లు.
మిర్చీలు తెప్పిచ్చిన్రు, నాకు రెండు ఎక్కువ పెట్టిన్రు.

నాలుగు రోజులకు, రాత్రి రెండింటికి, సైరన్ మోగింది.
బస్తీ బస్తీ మెట్లెక్కింది.
పిల్లలు, గ్యాస్ బండలు, ఆధార్ కార్డుల కవర్లు,
సంకల కొత్త మిషన్‌తో బిల్కీస్ ఆపా.
ఫోన్ల చూసిన: పదకొండు, నీళ్లు ఆరడుగులు.
సంతకం సరిగ్గనే ఉంది.
ఆరు పుస్తకాలూ ఒక్కమాటే అంటున్నయి.
నాలాల మాత్రం నీళ్లు మోకాలంత.

నిచ్చెనేసి దిగి టార్చి కొడితే
డబ్బా కంటికి పెరుగు ప్యాకెట్ అతుక్కోని ఉన్నది.

"మీ గొలుసుకు తప్పేదో తెల్వదా బేటా?"
పైనుంచి ఆపా.
"ఎవరు మార్చిన్రో తెలుస్తది ఆపా.
ఏది నిజమో..."
ఆ మాట నాతోని పూర్తి కాలే.

కవర్ తీసి జేబుల పెట్టుకున్న.
రాసింది తుడిచే వీలు లేదు,
కింద ఇంకో పేజీ రాయాలె, అంతే.
వణుకుతున్న వేళ్లతోని రాసిన:
"రెండు గంటల పది నిమిషాలు. కవర్ అడ్డం వచ్చింది. తీసేసిన.
రాజలింగం."
ఆరు చోట్ల నా పేరు పడ్డది. ఇగ అది పోదు.

జనం ఒక్కొక్కలు దిగిపోయిన్రు,
కొందరు నన్ను తిట్టుకుంట, కొందరు నవ్వుకుంట.
ఆపా దిగలే.
మిషన్ ఒళ్లె పెట్టుకోని
మెట్టు మీద కూసోని
నాలా దిక్కే చూస్తున్నది,
తన కండ్లతోని.