చివరి నాలుగంకెలు

ఎనుమాముల యార్డు ఆఫీసుల
మిరప ఘాటుకు మిషన్ గూడ తుమ్ముతదంటడు ఓదెలు.
మూత ఇప్పి ఊదితే
ఎర్ర దుమ్మంత నా కండ్లల్లకే వచ్చింది.

తెర మీద ఒక్కటే మాట:
మూడో డిస్కు పోయింది.
పోయింది సరే, మూడోది ఏది?
పై నుంచా, కింది నుంచా?
దాని లెక్క సున్నా కాడ మొదలైతది,
మనది ఒకటి కాడ.
సున్నా లేని వేళ్ళతోని నాలుగుసార్లు లెక్కవెట్టిన.

ఆరు అరలు, ఆరు నల్ల పెట్టెలు,
ఒక్క ఈత పిల్లల లెక్క.
నాకంటె ముందు వచ్చినాయన
ఒక్క చీటి అంటించి పోతే ఆయన సొమ్మేం పోయేది!

"ఏదో ఒకటి గుంజుండ్రి మేడం, తెల్లారితే బేరం."
ఆగు ఓదెలన్నా,
ఒకటి సచ్చినా ఐదు మోస్తున్నయి.
బతికున్నదాన్ని గుంజితే మిగిలేటియి నాలుగు,
నాలుగు మొయ్యలేవు.
ఈ సీజన్ తక్‌పట్టీలన్ని గంగల కలుస్తయి.
ఆయన చెయ్యి ఎన్కకు తీసుకున్నడు.

కిటికీ అవతల బస్తాల మీదనే పండుకున్నరు
పరకాలోళ్ళు, ములుగోళ్ళు.
ఒకాయన నిద్రల గూడ బస్తా మూతి ఇడువలే.

సచ్చినదాన్ని పిలిస్తే పలుకదు.
అందుకే బతికినయాటికి పని చెప్పిన:
ఉన్నదంత మొదటి నుంచి చదువుండ్రి.
లైటు బందు చేయమన్న.
చీకట్ల ఐదు పచ్చ చుక్కలు
టకటక కొట్టుకున్నయి.
పై నుంచి నాలుగోది
ఏం ఎరుగనట్టు కూసున్నది.

అయినా నమ్మలే.
లైటే మాడిపోయి ఉండొచ్చు గద.
కొన్ననాటి బిల్లు ఎతికిచ్చిన, ఆరు నంబర్లు.
తెర చూపేటియి ఐదు.
ఒక్కొక్కటి కొట్టేసుకుంట వస్తే మిగిలింది
ఏడు సున్నా నాలుగు నాలుగు.

మిషన్ ఆపి, నా ఊపిరి గూడ ఆపి,
గుంజిన.
సెల్లు వెలుతుర్ల ఓదెలు చదివిండు
కాంట మీద తూకం చదివినట్టు,
అంకె అంకెకు ఆగి:
ఏడు. సున్నా.
నాలుగు.
నాలుగు.

కొత్తది పెట్టినంక పన్నెండు శాతం కాడ చాయ్ వచ్చింది.
బస్తాల మీద రాసే నీలి సిరాతోని
అర అరకు అంకెలు రాసిన,
నా తర్వాత వచ్చేటోళ్ళు నన్ను తిట్టొద్దని.

"దీంట్ల ఎవరి మిర్చి ఉండె మేడం?"
అందరిది. తలా ఇంత ముక్క.

పారేస్తడనుకున్న.
తువ్వాలతోని తుడిచి
రెండు చేతులతోని బల్ల మీద పెట్టిండు.